విశ్వాస నిర్మూలన విభాగం

మందర వెట్ గ్రైండర్స్ కంపెనీ డబ్బు దొంగతనం వల్ల పోలేదు, మర్యాద వల్ల పోయింది.

ఒక మధ్యాహ్నం అకౌంటెంటు సాంబమూర్తిగారు పెరుగన్నంలో మాగాయ టెంక నంజుకుంటుండగా ఫోన్ వచ్చింది. అచ్చం ఎమ్‌డీ వేణుధరరావుగారి గొంతు. "మూర్తీ, మీటింగులో ఉన్నాను, ఎక్కువ మాట్లాడలేను. ఇప్పుడు చెప్పే ఖాతాకి వెంటనే డబ్బు పంపించు" అంది. పెద్దాయన ఒకటి చెప్తే ఎందుకని అడగటం సాంబమూర్తిగారి ఇంటావంటా లేదు. ఎడమచేత్తోనే పంపించేశారు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి వేణుధరరావుగారు ఎదురుపడి "ఏం మూర్తీ, భోజనం అయిందా?" అని పలకరించారు. సాంబమూర్తిగారికి తిన్నది అక్కడే ఆగిపోయింది.

ఆ వారంలోనే హైదరాబాదు నుంచి ఒక సైబర్ నిపుణుణ్ణి రప్పించారు. గ్రైండర్లు ప్యాక్ చేసే హాల్లో తెర కట్టి అందర్నీ కూర్చోబెట్టారు. ముందు వరసలో ఫ్రంటాఫీసు హైమావతి కూర్చుంది. భర్త చనిపోయిన ఏడాదే ఈ కంపెనీలో చేరింది. కంపెనీకి ఏ ఫోన్ వచ్చినా ముందు వినిపించేది ఆవిడ గొంతే. బెల్టు తెగిందని ఫోన్ చేసినవాళ్ళకి బెల్టు సంగతితోపాటు గారెల పప్పు ఎంతసేపు నానాలో కూడా చెప్పి ఫోన్ పెట్టేసేది.

"మోసగాడు మీ కంప్యూటర్లోంచి రాడండీ, మీ మంచితనంలోంచి వస్తాడు" అన్నాడు నిపుణుడు. "పెద్దవాళ్ళంటే మీకున్న గౌరవం, కష్టంలో ఉన్నవాళ్ళంటే జాలి, తొందరపెడితే కంగారు. వాడికి ఇవే తలుపులు. అందుకని ఎవరైనా ఫోన్ చేసి డబ్బు అడిగితే, పెట్టేసి, మీకు ముందునుంచీ తెలిసిన నంబరుకి మీరే తిరిగి చేసి కనుక్కోండి. చాలావరకు అదే కాపాడుతుంది."

నిపుణుడు వెళ్ళాక వేణుధరరావుగారు చాలా నిరాశపడ్డారు. "ఇంత ఫీజు తీసుకుని ఫోన్ చేసి కనుక్కోమంటాడేమిటయ్యా? అది మా ఆవిడ కూడా చెప్తుంది!" అన్నారు. ఉపన్యాసంలో ఆయనకి నచ్చింది మొదటి సగం. మంచితనమే తలుపైతే ఆ తలుపు మూసేస్తే సరి కదా! అలా పుట్టింది విశ్వాస నిర్మూలన విభాగం. దానికి అధిపతిగా, ఏదో శాఖలో తనిఖీలు చేసి రిటైరైన భైరవమూర్తిగారు వచ్చారు. ఎవరు నమస్కారం పెట్టినా ఆ రెండు చేతుల మధ్య ఏముందోనని చూసే మనిషి.

వచ్చిన రోజే సర్క్యులర్ వేశారు. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా: కార్యాలయ ప్రాంగణమందు అమ్మా, అయ్యా, అన్నా, అక్కా, బాబాయీ ఇత్యాది బంధుత్వ సూచక పదములు నిషేధింపబడినవి. చిరునవ్వు, పరామర్శ, కుశలప్రశ్న యివి మోసమునకు ప్రథమ సోపానములుగా గుర్తింపబడినవి. నిర్ధారణ కానంతవరకు సదరు వ్యక్తి సదరు వ్యక్తి కాడని భావించవలెను."

గతంలో వార్షికోత్సవంలో ఏటా ఒకరికి శాలువా కప్పి 'నమ్మకస్తుడు' అని బిరుదిచ్చేవారు. ఇప్పుడూ ఆ బిరుదు ఉంది, శాలువా లేదు. ఎవరైనా ఎవరినైనా నమ్మి దొరికిపోతే, ఆ మాట రాసిన పసుపు బిళ్ళ నెల్లాళ్ళు మెడలో వేసుకుని తిరగాలి.

హైమావతి మొదటి వారంలోనే దొరికిపోయింది. ఒక ముసలావిడ ఫోన్ చేసి "తల్లీ, రుబ్బు సగంలో ఉండగా ఆగిపోయిందే. రేపు పెళ్ళిచూపులు, ఇడ్లీ లేకపోతే మర్యాదగా ఉండదు" అని ఏడ్చింది. హైమావతికి మనసు కరిగిపోయింది. "కంగారు పడకండి పిన్నిగారూ, ప్లగ్గు తీసేసి వెనకాల మూత విప్పి చూడండి, బెల్టు జారి ఉంటుంది" అంది. వెంటనే ముసలావిడ గొంతు గంభీరంగా మారిపోయింది. "పిన్నిగారూ అన్నారు. జాలిపడ్డారు. యంత్ర రహస్యం వెల్లడించారు. పసుపు బిళ్ళ!" అంది. అది భైరవమూర్తిగారు.

దాంతో సిబ్బంది గట్టిపడ్డారు. బెల్టు కావాలని అడిగినవాణ్ణి "నీ ఇంట్లో గ్రైండరుందని రుజువేమిటి?" అని నిలదీశారు. డీలరు డబ్బు కడతానంటే "ఎందుకు కడుతున్నావ్, నీ ఉద్దేశమేమిటి?" అని ఫోన్ పెట్టేశారు. ఫిర్యాదులు కుప్పలుగా వచ్చిపడ్డాయి. భైరవమూర్తిగారు వాటిని లెక్కకట్టి గోడమీద గీత పైకి పోతున్నట్టు బొమ్మ వేయించారు. ఫిర్యాదు పెరిగిందంటే భద్రత పెరిగినట్టే!

ఆ తరవాత వచ్చింది గేటు సర్క్యులర్. గొంతును అనుకరించవచ్చు, మొహాన్ని కూడా ఇప్పుడు అనుకరిస్తున్నారు; కనుక వేలిముద్ర పడనివారు ఎంతవారైనా లోపలికి రాకూడదు. పని వేళల్లో బయటికి పోవాలంటే ఎమ్‌డీగారు స్వయంగా సంతకం చేయాలి. వేణుధరరావుగారు "భేష్!" అని దాని మీద సంతకం పెట్టి, భోజనానికి ఇంటికి వెళ్ళారు. అంతే. మళ్ళీ లోపలికి రాలేకపోయారు.

కంపెనీలో అందరి వేలిముద్రలూ ఉన్నాయి, ఆయనది తప్ప. యజమాని హాజరు వేసుకోవడమేమిటని ఆయన ఏనాడూ ఆ మిషను ముట్టుకోలేదు. కొత్త ముద్ర ఎక్కించాలంటే ఎమ్‌డీగారి అనుమతి కావాలి. అనుమతి ఇవ్వాలంటే ఆయన ఎమ్‌డీ అయి ఉండాలి. ఎమ్‌డీ అవునో కాదో తేలాలంటే ముద్ర ఉండాలి.

"ఏటి సేస్తాం బాబూ, తమరే ఎట్టిన రూలు" అన్నాడు వాచ్‌మన్ సింహాచలం, గేటు సందులోంచి.

వేణుధరరావుగారికి కోపం రావలసింది, గర్వం వచ్చింది. "చూశారా, నన్నే రానివ్వటం లేదు!" అని ఎదురుగా ఉన్న టీ బడ్డీవాడికి చెప్పుకున్నారు. మర్నాటినుంచి అక్కడే ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, తన కంపెనీ భద్రతను బయటినుంచి చూసి మురిసిపోతూ కూర్చున్నారు. సంతకాలు కావలసిన కాగితాలన్నీ లోపల, సంతకం చేసే చెయ్యి బయట.

ఆ కాగితాల్లో హైమావతి సెలవు చీటీ ఒకటి.

ఒక్కగానొక్క కూతురు లహరికి నెలలు నిండాయి. తొలి కాన్పు, పుట్టింటివాళ్ళ బాధ్యత. తండ్రి లేని పిల్ల, ఉన్నది తనొక్కతే. "అమ్మా, లోపలికి తీసుకెళ్ళేటప్పుడు నువ్వు పక్కన ఉండాలి, లేకపోతే నాకు భయం" అని పొద్దున కూడా చెయ్యి పట్టుకుని మరీ అంది. ఆ సమయానికి తను లేకపోతే కూతురు క్షమిస్తుందేమోగాని వియ్యపురాలు క్షమించదు. పుట్టిన పిల్ల పెళ్ళి పందిట్లో కూడా ఆ మాట ఎత్తుతుంది.

సరిగ్గా ఆ రోజే నొప్పులు మొదలయ్యాయి. సెల్‌ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో ఉంటాయి కాబట్టి అల్లుడు కిరీటి ఆఫీసు నంబరుకి చేశాడు. సిబ్బంది ఇళ్ళనుంచి వచ్చే ఫోన్లన్నీ ఇప్పుడు భైరవమూర్తిగారి గదికే పోతాయి. ఆయన హైమావతిని పిలిపించి ఎదురుగా నిలబెట్టి, స్పీకరు నొక్కారు.

"సార్, ఆస్పత్రి నుంచి మాట్లాడుతున్నా. మా ఆవిడకి నొప్పులొస్తున్నాయి. అత్తయ్యగారిని అర్జెంటుగా పంపించండి సార్!"

"విన్నారుగా?" అన్నారు భైరవమూర్తిగారు హైమావతితో. "తొందర, ఆదుర్దా, బంధుత్వం. మోసానికి కావలసిన లక్షణాలన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు." ఫోన్‌లోకి వంగారు. "మీరు సదరు అల్లుడే అనడానికి ఆధారం?"

"కిరీటినండీ."

"పేరు ఎవడైనా చెప్తాడు. మీ అత్తగారి మీద మీ అభిప్రాయమేమిటి?"

"ఇప్పుడా సార్? బంగారమండీ. కన్నతల్లికంటే ఎక్కువ చూసుకుంటారు."

భైరవమూర్తిగారు టక్కున ఫోన్ పెట్టేశారు. "అత్తగారిని ఇంత పొగిడేవాడు అల్లుడెలా అవుతాడు? ముమ్మాటికీ మోసగాడు."

"మా అల్లుడేనండీ! ఆ గొంతు నాకు తెలీదా?"

"తెలిసిన గొంతు వల్లేగా సాంబమూర్తి మునిగింది."

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి హైమావతి ఆగలేదు. బల్ల మీదకి వంగి అరిచింది. "కిరీటీ! నా గురించి ఏదైనా చెడ్డగా చెప్పు నాయనా!"

"ఛఛ, అవేం మాటలు అత్తయ్యా?"

"చెప్పకపోతే నన్ను వదలరు. నామీద ఒట్టు!"

"అంటే... కాఫీలో పంచదార కాస్త ఎక్కువేస్తారు."

"ఇది నింద కాదు, గారాబం" అన్నారు భైరవమూర్తిగారు, మీట మీద వేలు పెట్టి.

"ఇంకా చెప్పు బాబూ! గట్టిగా!"

దాంతో కిరీటికి గట్టు తెగింది. "మా అమ్మ పంపిన దోసావకాయ చూసి ప్రతిసారీ మూతి విరుస్తారు. నేను వార్తలు చూస్తుంటే రిమోటు లాక్కుని సీరియల్ పెడతారు. మీ అక్కగారి అల్లుడి జీతం ఎంతో నాకు వినపడేలా ఫోన్లో చెప్పుకుంటారు. అసలు పెళ్ళికి నాకు పెట్టిన సూటు మీ మేనల్లుడి కొలతలకి కుట్టించింది అత్తయ్యా! ఆ చేతులు మడిచి మడిచి ఫొటోలు దిగాను. రెండేళ్ళుగా ఎవరితో చెప్పుకోను?"

భైరవమూర్తిగారు పరవశంతో రబ్బరు ముద్ర ఎత్తి సెలవు చీటీ మీద కొట్టారు. "అల్లుడు. నిర్ధారితం!"

"అత్తయ్యా, ఒట్టు పెట్టారని..." అంటున్నాడు కిరీటి నీరసంగా.

"పర్లేదు నాయనా" అంది హైమావతి. సూటు సంగతి పురుడు పోశాక తేల్చుకోవచ్చనుకుంది. "అమ్మాయెలా ఉంది?"

"డాక్టరమ్మ ఇంకెంతోసేపు పట్టదంటోంది. లహరి మీకోసమే అడుగుతోంది."

భైరవమూర్తిగారు మాత్రం ఇంకో లోకంలో ఉన్నారు. ఉద్యోగ జీవితంలో ఇంత గొప్ప పరీక్ష తనకి తట్టలేదు. అక్కడికక్కడే సర్క్యులర్ చెప్పి రాయించారు. "స్తుతించువాడు మోసగాడు. నిందించువాడు వాస్తవికుడు. ఇకమీదట ఎవరినైనను ఈ కొలబద్దతోనే నిర్ధారించవలెను."

"అయితే నేను వెళ్ళొచ్చా అండీ?"

"అల్లుడు నిర్ధారితం. సెలవు అనిర్ధారితం. ఎమ్‌డీగారి సంతకమేదీ?"

గోడ దూకే వయసు కాదు, ఉద్యోగం వదులుకునే స్థితీ కాదు. హైమావతి చీటీ తీసుకుని గేటు దగ్గరికి పరిగెత్తింది. వెనకే భైరవమూర్తిగారు. అవతల వేణుధరరావుగారు టీ గ్లాసుతో లేచి వచ్చారు.

"సార్, మా అమ్మాయికి నొప్పులు సార్. ఒక్క సంతకం!"

"దానికేం భాగ్యం, పెన్నియ్యి" అని ఆయన కడ్డీల్లోంచి చెయ్యి పెట్టారు.

"ఆగండి!" భైరవమూర్తిగారు ఆ చేతిని చూపుడువేలితో వెనక్కి తోశారు. "ఇప్పుడు తమరిని కూడా నిర్ధారించే మార్గం దొరికింది. వేణుధరరావుగారిలోని లోపాలు పేర్కొనుడు."

"లోపాలా?" వేణుధరరావుగారు ఆకాశం కేసి చూశారు. టీ తాగారు. చాలా నిజాయితీగా వెతుక్కున్నారు. "ఒకటుంది. నేను మరీ ఎక్కువ కష్టపడతాను."

"స్వోత్కర్ష" అన్నారు భైరవమూర్తిగారు.

"అందర్నీ సొంత బిడ్డల్లా చూస్తాను, అదొక బలహీనత."

"మోసగాడి లక్షణం."

హైమావతి కడ్డీలు పట్టుకుని వేలాడింది. "సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను, నిజం లోపం ఒక్కటి చెప్పండి సార్! పోయిన దసరాకి బోనసు బదులు మిగిలిపోయిన గ్రైండరు రాళ్ళు పంచారు కదా, అది చెప్పండి!"

"అది లోపమా?" వేణుధరరావుగారు నిజంగానే నొచ్చుకున్నారు. "బోనసు వారంలో ఖర్చైపోతుంది. రాయి శాశ్వతం!"

సింహాచలం పక్కకి తిరిగి తలపాగా సర్దుకున్నాడు. ఆ రాయి అతనికీ వచ్చింది. ఇంట్లో గ్రైండరు లేదు.

ఇంతలో సాంబమూర్తిగారు లోపల్నుంచి ఆయాసపడుతూ వచ్చారు. "సార్, ఫోన్! ఎమ్‌డీగారు!"

"నేనిక్కడుంటే?" అని గేటు బయట ఎమ్‌డీగారు గావుకేక పెట్టారు.

ఆ కేకను ఎవరూ పట్టించుకోలేదు. అందరూ లోపలికి పరుగెత్తారు. భైరవమూర్తిగారు స్పీకరు నొక్కి, గొంతు సవరించుకుని అడిగారు. "వేణుధరరావుగారిలోని లోపాలు పేర్కొనుడు."

అవతలివాడు గట్టిగా నవ్వాడు. "నా లోపాలా? ఏవని చెప్పను? ఎవడి మాటా వినను. మీటింగు పెడితే అందరి ఆకలీ చచ్చేదాకా నేనే మాట్లాడతాను. మీకొచ్చిన ఆలోచన బయట నాదని చెప్పుకుంటాను. టై కట్టినవాడు ఏం చెప్పినా నమ్ముతాను, ఇరవయ్యేళ్ళుగా పనిచేసేవాడు చెప్తే నమ్మను. సెలవడిగితే మొహం మాడ్చుకుంటాను. చాలా, ఇంకా చెప్పనా?"

సాంబమూర్తిగారి కళ్ళు చెమర్చాయి. "అచ్చం సారే!" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ తలలూపారు. పాపం, వాడికి ఆ వివరాలు ఎవరూ చేరవెయ్యలేదు. ఏ కంపెనీకి ఫోన్ చేసి చెప్పినా అవి సరిపోతాయి.

"ఎమ్‌డీగారు నిర్ధారితం! ఆజ్ఞ ఏమిటో సెలవియ్యండి సార్."

ఆ గొంతు సెలవిచ్చింది. ఫలానా ఖాతాకి, ఈసారి పెద్దమొత్తమే, వెంటనే పంపమంది. సాంబమూర్తిగారు కంప్యూటరు ముందు కూర్చున్నారు.

"ఆగండీ!" అంది హైమావతి. "అసలు సారు గేటు దగ్గరున్నారు. ఆ హైదరాబాదాయన చెప్పినట్టు మనకు తెలిసిన నంబరుకి చెయ్యండి. ఎవరి జేబులో మోగుతుందో చూద్దాం."

"తెలిసిన నంబరు అంటేనే నమ్మకం" అన్నారు భైరవమూర్తిగారు జాలిగా. "నమ్మకాన్ని నిర్మూలించడానికి కదా మనం జీతం తీసుకుంటున్నది? గేటు దగ్గరున్నవాడు ఒక్క లోపం చెప్పలేకపోయాడు. వాడు ఎమ్‌డీయా?"

హైమావతి గోడ గడియారం చూసింది. అక్కడ లహరి తలుపు కేసి చూస్తూ ఉంటుంది. ఇక్కడ నిజమైన ఎమ్‌డీ ఎవరో తేల్చేసరికి మనవలు బడికి వెళ్తారు. "సరేనండీ. అయితే ఈ ఎమ్‌డీగారినే నా సెలవు అడగండి."

అడిగారు. అవతల గొంతు ఒక్కసారి మారిపోయింది.

"ఏమిటీ, కూతురి పురుడా? తొలి కాన్పా? ఆవిణ్ణి ఇంకా అక్కడే నిలబెట్టారా! మీరు మనుషులా, రాళ్ళా? నెల్లాళ్ళు సెలవివ్వండి. నా కారిచ్చి పంపండి. అమ్మా, నువ్వు బయల్దేరు తల్లీ, అంతా శుభమే జరుగుతుంది."

భైరవమూర్తిగారి నొసలు ముడిపడింది. "ఈ దయ కొంచెం అనుమానాస్పదంగా..."

"నోర్ముయ్యి!" అంది గొంతు.

"నిర్ధారితం" అన్నారు భైరవమూర్తిగారు తేలికపడి, ముద్ర కొట్టారు.

భోజనానికి వెళ్ళిన నాడు వేణుధరరావుగారు నడిచే వెళ్ళారు కాబట్టి కారు అప్పటినుంచీ లోపలే ఉంది. డ్రైవరు హైమావతిని ఎక్కించుకుని బయల్దేరాడు. గేటు తెరుచుకుంది. ఎమ్‌డీగారు కారుకి అడ్డంపడి "అది నా కారు! ఎవరిచ్చారు?" అని అరిచారు.

"మీరే ఇచ్చారు సార్!" హైమావతి కిటికీలోంచి తల బయట పెట్టింది. "నెల్లాళ్ళు సెలవు కూడా ఇచ్చారు. ఇప్పుడు సాంబమూర్తిగారి చేత డబ్బు పంపిస్తున్నారు. ముందు బ్యాంకుకి ఫోన్ చెయ్యండి!"

ఎమ్‌డీగారి చేతిలో టీ గ్లాసు కింద పడింది. ఆయన జేబులో ఫోన్ వెతుక్కోవడం వరకే ఆవిడకి కనబడింది.

ఆస్పత్రిలో మెట్లెక్కేసరికి లహరిని చక్రాల బల్ల మీద తోసుకుపోతున్నారు. హైమావతి పరిగెత్తి చెయ్యి అందుకుంది. "వచ్చావా అమ్మా!" అంది లహరి, వేళ్ళు విరిగేలా పట్టుకుని. "నేను రాకుండా ఎక్కడికి పోతానే పిచ్చిదానా" అంది హైమావతి. కిరీటి ఒక స్తంభం చాటున నిలబడి, నేల మీద చూపు ఎత్తకుండా ఫ్లాస్కు మూత బిగిస్తున్నాడు. వియ్యపురాలు ఏదో అనడానికి నోరు తెరిచి, సమయానికి వచ్చిన మనిషిని ఏమనాలో తోచక మూసేసుకుంది. దీపాలు పెట్టేవేళకి ఆడపిల్ల పుట్టింది. నర్సు బట్టలో చుట్టి తెచ్చి "అమ్మమ్మెవరండీ?" అని అడిగింది. హైమావతి చేతులు చాచింది. ఆవిణ్ణి ఏ లోపమూ చెప్పమనలేదు.

అక్కడ బ్యాంకువాళ్ళు డబ్బు ఆఖరి నిమిషంలో ఆపేశారు. సదరు మోసయత్నము విభాగ పర్యవేక్షణలో విఫలమైనదని భైరవమూర్తిగారు నివేదిక రాసుకున్నారు. వేణుధరరావుగారి బొటనవేలిని ఆయన భార్య వచ్చి మిషను మీద నొక్కించింది. అనుమతి ఎవరిదని భైరవమూర్తిగారు అడిగితే, ఆవిడ ఒక్క చూపు చూసిందట, అంతే.

హైమావతి సెలవు దగ్గరే చిక్కొచ్చింది. అది చెల్లదంటే, ముద్రకొట్టి నిర్ధారించిన ఎమ్‌డీ ఎమ్‌డీ కాడని విభాగం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. విభాగం అలాంటివి ఒప్పుకోదు. కనుక సెలవు చెల్లుతుందని తీర్మానించారు.

పదకొండో రోజు బారసాలకి గుమ్మానికి తోరణం కడుతుంటే వేణుధరరావుగారి ఫోన్ వచ్చింది. ముందు పాపని ఆశీర్వదించారు. తరవాత కాస్త నసిగారు.

"అవునుగానీ హైమావతమ్మా, వాడు నిజంగా నెల్లాళ్ళిచ్చాడా?"

"ఇచ్చాడు సార్. కారు కూడా."

ఆయన పెద్ద నిట్టూర్పు విడిచారు. "చూడు, పనివాళ్ళంటే దొంగవెధవకి ఎంత ఉదారమో! నేనైతే రెండు రోజులు, అదీ జీతం కోసి ఇచ్చేవాణ్ణి."

"ఆ ఒక్క మాట ఆ రోజు గేటు దగ్గర అని ఉంటే, మిమ్మల్ని అప్పుడే లోపలికి రానిచ్చేవారు కదా సార్!" అంది హైమావతి.